ఇంట్లో రెండు కార్లు, రెండు రకాల పాలసీలు

అండమాన్‌లో మీ ఇంటి ముందు రెండు కార్లున్నాయి. ఒకటి రోజూ ఆఫీసుకీ, బడికీ, అబర్దీన్ బజారుకీ తిరిగే స్విఫ్టో వేగన్ఆరో. రెండోది టార్పాలిన్ కింద ఉంది. నాన్నగారు కొన్న అంబాసిడర్ కావచ్చు, మావయ్యగారి ప్రీమియర్ పద్మిని కావచ్చు, ఎప్పుడో మద్రాసు నుంచి ఓడలో దిగిన జీపు కావచ్చు. అమ్మడానికి మనసొప్పదు. కానీ ఏడాదికోసారి రెన్యువల్ మెసేజ్ రాగానే ఇంట్లో అదే మాట: "తిరగని బండికి ఇంత కట్టాలా?"

కట్టాలి. కానీ ఇంత అక్కర్లేదు.

చాలామంది చేసే పని ఏమిటంటే, ఏజెంటుకి ఫోన్ చేసి "రెండిటికీ ఫుల్ ఇన్సూరెన్స్ చేసెయ్యి బాబూ" అంటారు. లేకపోతే విసుగొచ్చి "పాతదానికి థర్డ్ పార్టీ చాలు" అంటారు. మొదటి మాటలో డబ్బు వృథా. రెండో మాటలో, ఏదైనా జరిగిన రోజున కారే పోతుంది. రోజూ తిరిగే కారుకున్న గండాలు వేరు, టార్పాలిన్ కింద ఉన్న కారుకున్న గండాలు వేరు. అందుకే రెండిటికీ రెండు రకాల పాలసీలుండాలి. ఈ అధ్యాయంలో ఆ రెండూ ఎలా కట్టాలో చూద్దాం. అండమాన్‌లో ఉండే తెలుగు కుటుంబాలను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో 13 శాతానికి పైగా జనం తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. చాలా ఇళ్లలో విశాఖ, శ్రీకాకుళం వైపు చుట్టరికాలున్నాయి. అటు నుంచి మనుషులతో పాటు బండ్లూ ఓడెక్కి వచ్చాయి. ఈ ఓడ సంగతి దగ్గర మనం ఎనిమిదో భాగంలో కాసేపు ఆగాలి. కారు ఇన్సూరెన్స్ గురించి ఎవరూ చెప్పని ముఖ్యమైన విషయం అక్కడే ఉంది.

1. ముందు ఆర్సీ తీసి చూడండి

పాలసీ కంటే ముందు ఆర్సీ. దాని మీద ఎవరి పేరుంది?

ఇలా ఊహించుకోండి. జంగ్లీఘాట్‌లో ఉండే ఒక ఉద్యోగికి తండ్రి పోయి నాలుగేళ్లయింది. అంబాసిడర్ ఆర్సీ ఇంకా తండ్రి పేరు మీదే ఉంది. కొడుకు ప్రతి ఏడూ తండ్రి పేరుతోనే ప్రీమియం కడుతున్నాడు. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకుంటున్నారు, పాలసీ వస్తోంది, అంతా సవ్యంగానే ఉందనుకుంటున్నాడు. ఒకరోజు కొబ్బరిచెట్టు విరిగి కారు మీద పడింది. క్లెయిమ్ ఎవరిస్తారు? పాలసీదారు బతికి లేరు కదా!

మామూలు కారు పాలసీ షరతుల్లో ఈ సంగతి స్పష్టంగానే ఉంటుంది. పాలసీదారు మరణిస్తే ఆ పాలసీ మరణించిన రోజు నుంచి 3 నెలల పాటు, లేదా దాని గడువు ముగిసేదాకా, రెండిట్లో ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఆ లోపలే వారసుల పేరుకు బండి మార్చుకోవాలి. ఆర్టీవో దగ్గర ఫారం 31తో వారసత్వ బదిలీకి దరఖాస్తు చేయండి. మరణ ధ్రువపత్రం, వారసుల అంగీకారం జత చేయండి. ఇందులో ఒక మంచి వార్త కూడా ఉంది. తండ్రి సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్‌ను (క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపును), బండి భార్యాపిల్లల చేతికే వస్తే, వాళ్లకు ఇవ్వడానికి నిబంధన ఉంది. అడిగితేనే ఇస్తారు, అడగండి.

ఆర్సీ మీ పేరుకు రావడం వల్ల మరో లాభముంది. రెండు కార్లూ ఒకే యజమాని పేరు మీద ఉంటేనే ఇప్పుడు చెప్పబోయే కొన్ని పొదుపులు కుదురుతాయి.

2. తగ్గని లెక్క ఎంతో తెలుసుకోండి

బేరమాడడానికి వీలులేని భాగం థర్డ్ పార్టీ ప్రీమియం, అంటే మీ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బండిని బహిరంగ స్థలంలో వాడకూడదు. 2019 సవరణ తర్వాత, దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానాది చిన్న సంగతి. ఎవరికైనా దెబ్బ తగిలితే ట్రిబ్యునల్ వేసే పరిహారం మీ ఇల్లు అమ్మించగలదు.

ఈ రేటును కేంద్ర ప్రభుత్వమే ప్రకటిస్తుంది. ఏ కంపెనీ దగ్గరకెళ్లినా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం ప్రైవేటు కార్లలో 1,000 సీసీ లోపు వాటికి 2,094 రూపాయలు, 1,000 నుంచి 1,500 సీసీ వాటికి 3,416, అంతకు మించితే 7,897. పైన 18 శాతం జీఎస్టీ. ప్రభుత్వం ఈ పట్టికను మారుస్తుంటుంది, కాబట్టి కట్టే ముందు తాజా రేటు చూసుకోండి.

మీ పాత కారు ఏ గీత కింద పడుతుంది? మారుతి 800 ఇంజిన్ 796 సీసీ, కాబట్టి మొదటి వరస. పద్మిని 1,089 సీసీ, పాత పెట్రోలు అంబాసిడర్ 1,489 సీసీ, రెండూ మధ్య వరసలోకే వస్తాయి. అదే 1,817 సీసీ ఇసుజు ఇంజిన్ వేసిన తర్వాతి అంబాసిడర్ అయితే మూడో వరసలోకి దూకుతుంది. రెండువేల సీసీ దాటిన విల్లీస్ జీపు సంగతీ అంతే. ఆర్సీలో సీసీ తప్పుగా ఎక్కి ఉంటే మీరు ఏటా రెట్టింపు కడుతూ ఉండొచ్చు. పాత పుస్తకాల ఆర్సీల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు ఇలాంటి పొరపాట్లు పడతాయి. ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇంట్లో 1,197 సీసీ స్విఫ్ట్, 1,489 సీసీ అంబాసిడర్ ఉన్నాయి. రెండిటి థర్డ్ పార్టీ కలిపి 6,832. జీఎస్టీతో సుమారు 8,062. ఇది కదలదు. మీ పొదుపంతా దీని మీద పడే ఓన్ డ్యామేజ్ భాగంలో, అంటే మీ కారుకే జరిగే నష్టానికి కట్టే ప్రీమియంలో ఉంది. ఆ భాగం రేటును 2007 నుంచి కంపెనీలే నిర్ణయించుకుంటున్నాయి. అంటే అక్కడ బేరం ఉంది. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక దీవుల్లో నెట్ బాగుపడింది. ఇప్పుడు ఒక్క ఏజెంటు చెప్పిన ధరకే తలూపనక్కర్లేదు. మూడు కంపెనీల కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూడండి.

3. పాత కారు విలువను కాగితం మీద పెట్టించండి

ఇక్కడ నెమ్మదిగా చదవండి. పాత కార్లున్నవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

పాలసీలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. కారు పూర్తిగా పోతే మీకిచ్చే మొత్తానికి ఆధారం అదే. అయిదేళ్ల లోపు కార్లకు దాన్ని తగ్గించుకుంటూ వచ్చే పట్టిక ఉంది. అయిదేళ్లు దాటిన కార్లకూ, తయారీ ఆగిపోయిన మోడళ్లకూ పట్టిక లేదు. కంపెనీ, మీరు ఒప్పుకున్న అంకే ఐడీవీ. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. అంటే ఆ అంకె మీద మాట్లాడే హక్కు మీకుంది. కానీ ఎంతమంది మాట్లాడుతున్నారు? ఏజెంటు కంప్యూటర్ చూపించిన 40,000కు సరే అంటున్నారు. ఐడీవీ తగ్గితే ప్రీమియం తగ్గుతుంది కదా అని సంతోషిస్తున్నారు కూడా.

దాని ఫలితం చూడండి. పాలసీ షరతుల ప్రకారం కంపెనీ భరించాల్సిన మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే, ఆ కారు బాగుచేయడానికి పనికిరానిదని తీర్మానిస్తారు. మీ అంబాసిడర్‌కు ముందు భాగం దెబ్బతిందనుకుందాం. ఇనుప సామాన్లు 30,000, కూలి 18,000. పదేళ్లు దాటిన కారు కాబట్టి ఇనుప భాగాల మీద 50 శాతం తరుగు తీసేస్తారు. మిగిలేది 15,000. కూలితో కలిపి 33,000. ఐడీవీ 40,000 అయితే గీత 30,000 దగ్గర ఉంది. దాటిపోయింది. ఒక బంపరు, రెండు మడ్‌గార్డులు, ఒక రేడియేటర్ పోయినందుకు నాన్నగారి కారు కాగితాల్లో తుక్కయింది! అదే ఐడీవీ 1,50,000 ఉండి ఉంటే గీత 1,12,500 దగ్గర ఉండేది. మామూలు క్లెయిమ్‌గా సాగిపోయేది.

ఐడీవీ పెంచితే ఎంత ఎక్కువ కట్టాలి? 2007కు ముందు, అన్ని కంపెనీలకూ ఒకే రేట్ల పట్టిక (టారిఫ్) ఉన్న రోజుల్లో ఓన్ డ్యామేజ్ రేటు ప్రైవేటు కార్లకు ఐడీవీలో 3 నుంచి 4 శాతం మధ్య ఉండేది. ఆ లెక్కన లక్ష రూపాయల విలువ పెంచితే మూడు నాలుగు వేలు. డిస్కౌంట్లు, నో క్లెయిమ్ బోనస్ పోను ఇంకా తగ్గుతుంది. పైగా ఆ టారిఫ్‌లో మన దీవులు జోన్ బిలో ఉన్నాయి. హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా లాంటి 8 నగరాలున్న జోన్ ఎ కన్నా ఇక్కడ రేటు తక్కువ. మీ కొటేషన్‌లో ఏ జోన్ వేశారో చూడండి. కారు చెన్నైలో కొన్నదైతే పాత జోనే కొనసాగుతూ ఉండొచ్చు.

విలువ ఒప్పించాలంటే చేతిలో ఏముండాలి? లైసెన్సున్న సర్వేయర్‌తో రాయించిన వాల్యుయేషన్ రిపోర్టు ఒకటి. ఇంజిన్, పెయింటు, సీట్లు చేయించిన బిల్లులు. తేదీ పడేలా తీసిన ఫోటోలు: నాలుగు వైపులా, బానెట్ తెరిచి, చాసిస్ నంబరు, డాష్‌బోర్డు, కింద ఫ్లోరు. ఈ కట్ట ఏటా రెన్యువల్‌కు కొత్త చేసుకోండి. క్లెయిమ్ రోజున సర్వేయర్ "ఇది ముందే తుప్పు పట్టింది" అన్నప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ ఫోటోలే.

అమెరికాలో ఉండే మీ తమ్ముడు "మా దగ్గర క్లాసిక్ కారుకి విలువ ముందే ఖాయం చేసి పాలసీ ఇస్తారు, చాలా చవక" అని చెబుతుంటాడు. నిజమే. అక్కడి కంపెనీలు ఇంట్లో రోజువారీ కారు వేరే ఉండాలనీ, పాతది గ్యారేజీలో ఉండాలనీ, తక్కువ తిరగాలనీ షరతు పెట్టి అలా ఇస్తాయి. మన టారిఫ్‌లో తరుగు లేకుండా ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే సౌకర్యాన్ని వింటేజ్ కార్లకే ఇచ్చారు. 1940 డిసెంబరు 31కి ముందు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువీకరించినవే ఆ లెక్కలో వింటేజ్. మన అంబాసిడర్లకు, పద్మినులకు అది వర్తించదు. అందుకే ఐడీవీ దగ్గరే గట్టిగా నిలబడాలి.

4. వింటేజ్ నంబరు ప్లేటు మీకు అవసరమా?

2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో కొత్త అవకాశం వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని కార్లకు, మోటార్ సైకిళ్లకు 'వీఏ' అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000. పదేళ్లు చెల్లుతుంది. వింటేజ్ కారుగా నమోదైన ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియంలో 50 శాతం తగ్గింపును కూడా 2022 పట్టిక ప్రకటించింది.

చూడగానే ఆశ పుడుతుంది. కానీ షరతు చదవండి. ఆ బండిని రోజువారీ అవసరాలకు, వ్యాపారానికి నడపకూడదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. కోల్‌కతాలో, ఢిల్లీలో ర్యాలీలున్నాయి. దీవుల్లో ఉండే మీరు ఆదివారం సాయంత్రం అమ్మని కూర్చోబెట్టుకుని కార్బిన్స్ కోవ్ దాకా వెళ్లాలనుకుంటున్నారు. మధ్య వరసలో సగం తగ్గింపంటే ఏడాదికి 1,708 రూపాయలు. దానికోసం 20,000 ఫీజు కట్టి ఆ ఆదివారాన్ని వదులుకుంటారా? మామూలు రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ ఉంచుకోమనే నా సలహా. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ రెన్యువల్ ఫీజు 10,000కు పెరిగింది. అది కూడా మీ అయిదేళ్ల బడ్జెట్‌లో రాసిపెట్టుకోండి.

5. కిలోమీటర్లు లెక్కపెట్టండి

మీరు దీవిలో ఉన్నారు. ఇది మీ బలం. హైదరాబాద్‌లో ఒకాయన నెలకు తిరిగేంత మీరు మూడు నెలలకు తిరగరు. కానీ ప్రీమియం మాత్రం ఆయనలాగే కడుతున్నారు. ఎందుకు?

2022 జులై 6న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఓన్ డ్యామేజ్ పాలసీల మీద మూడు కొత్త రకాల యాడ్ఆన్‌లకు అనుమతిచ్చింది. తిరిగినంతకు కట్టడం ఒకటి. నడిపే తీరును బట్టి కట్టడం రెండోది. ఒకే యజమానికున్న కార్లనూ బైకులనూ ఒకే పాలసీ గొడుగు కిందకి తెచ్చే ఫ్లోటర్ మూడోది. రెండు కార్లున్న ఇంటికి మొదటిదీ మూడోదీ ముఖ్యం.

ఇల్లు హడ్డోలో, ఆఫీసు ఆరు కిలోమీటర్ల దూరంలో అనుకోండి. రోజుకు 12, ఏడాదికి 300 రోజులు, మొత్తం 3,600 కిలోమీటర్లు. బజారు, బీచి కలిపి 5,000 దాటదు. 2,500, 5,000, 7,500 ఇలా శ్లాబులు అమ్మే కంపెనీల దగ్గర మీ రోజువారీ కారుకు 5,000 శ్లాబు అడగండి. దిగ్లీపూర్ ప్రయాణం ఉంటే రానూ పోనూ 600కు పైగా అవుతుంది, అది కలుపుకుని చూసుకోండి. చాలామంది ఈ పథకాన్ని పాత కారుకు అడిగి, "పాత బండికి ఇవ్వం" అంటే వదిలేస్తారు. నిజానికి ఎక్కువ లాభం కొత్త కారు మీదే. ఓన్ డ్యామేజ్ ప్రీమియం పెద్దగా ఉండేది దానికే కదా.

పాత కారుకు ఇచ్చే కంపెనీ దొరికితే, ప్రతి ఆదివారం 25 కిలోమీటర్ల దూరంలోని చిడియా టాపుకు వెళ్లొచ్చినా ఏడాదికి 2,600 కిలోమీటర్లే. కానీ ముందు మీటరు బాగుచేయించండి. ఆగిపోయిన ఓడోమీటర్‌తో కిలోమీటర్ల పాలసీ తీసుకుంటే క్లెయిమ్ రోజున మీ మాటకు ఆధారముండదు.

ఫ్లోటర్‌ను అన్ని కంపెనీలూ అమ్మవు. "రెండు కార్లూ నా పేరు మీదే ఉన్నాయి, కలిపి ఇస్తారా?" అని సూటిగా అడగండి. ఇవ్వకపోయినా, రెండు పాలసీలూ ఒకే చోట తీసుకుంటానంటే ఓన్ డ్యామేజ్ భాగంలో డిస్కౌంటు అడగడానికి అది మంచి సందర్భం.

6. ప్రమాద బీమా ఒక్కసారి చాలు

యజమాని-డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి. ఇది మనిషికి, కారుకు కాదు. 2019 జనవరి నుంచి దీన్ని విడిగా తీసుకోవచ్చు. ఒక్కటి తీసుకుంటే మీ పేరు మీదున్న బండ్లన్నిటికీ వర్తిస్తుంది. రెండు కార్లు, ఒక స్కూటరు ఉండి మూడుసార్లు కడుతున్నారేమో ఈ రోజే చూడండి. పాత పాలసీ కాగితం మీద 'సీపీఏ' అన్న వరసలో అంకె ఉంటే కడుతున్నట్టే.

7. పాత కారుకు ఏ కవర్?

మూడు దారులున్నాయి. ఉత్త థర్డ్ పార్టీ, థర్డ్ పార్టీతో పాటు అగ్ని-దొంగతనం, ఫుల్ ఇన్సూరెన్స్.

ఊరవతల పొడి నేల మీద, తాళం వేసిన షెడ్డులో ఉండే కారుకు మధ్య దారి చవకా, చాలినంతా. కానీ మనం ఉన్నది ఎక్కడ? ఈ దీవులు భూకంప తీవ్రత అత్యధికంగా ఉండే జోన్ 5లో ఉన్నాయి. 2004 డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చినప్పుడు ఏం జరిగిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. దక్షిణ అండమాన్‌లో నేల కుంగి, సిప్పీఘాట్ పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి నిలబడిపోయింది. భూకంపం, తుఫాను, ముంపు, కొండచరియ ఇవన్నీ ఫుల్ ఇన్సూరెన్స్ జాబితాలో ఉంటాయి. అగ్ని-దొంగతనం పాలసీలో ఉండవు. మీ ఇల్లు పల్లంలో, నీళ్లకు దగ్గరగా ఉంటే ఫుల్ తీసుకోండి. గుట్ట మీద ఉండి, పైన విరిగిపడే చెట్టు లేకపోతే మధ్య దారి ఆలోచించండి. వానాకాలమంతా బండి బయటికే తీయరా? కనీసం రెండు నెలలు వరుసగా షెడ్డులో పెట్టేసినప్పుడు ప్రీమియంలో కొంత వెసులుబాటు ఇచ్చే ఎండార్స్‌మెంట్ పాత టారిఫ్‌లోనే ఉంది. ముందుగా రాసి అడగాలి. అయితే షెడ్డు మీ ఆవరణలో ఉండాలి. రోడ్డు పక్కన నిలబెట్టిన బండి బహిరంగ స్థలంలో ఉన్నట్టే, దానికి థర్డ్ పార్టీ లేకుండా ఒక్క రోజూ ఉండకూడదు.

తుప్పు సంగతి వేరు. ఉప్పుగాలికి తలుపుల అంచులు, ఫ్లోరు తినేస్తే అది అరుగుదల, ఏ పాలసీ ఇవ్వదు. ఆ డబ్బు మీరే పెట్టాలి. కింద అండర్‌కోటింగ్, వారానికోసారి మంచినీళ్లతో కడగడం, టార్పాలిన్ తీసి గాలి తగలనివ్వడం. ప్రీమియంలో మిగిల్చింది ఇక్కడ ఖర్చు పెట్టండి.

మునిగిన కారును స్టార్ట్ చేయొద్దు. ఇది రెండు కార్లకూ. నీళ్లు లాగి ఇంజిన్ పట్టేస్తే, అది మీ చర్య వల్ల వచ్చిన తదుపరి నష్టమని క్లెయిమ్ కొట్టేస్తారు. తోయించి గ్యారేజీకి చేర్చండి.

8. ఓడెక్కించే ముందు

చెన్నైలో ఒక మంచి 1972 మోడల్ కారు దొరికింది, కొన్నారు. లేదా ఇక్కడి కారును టింకరింగ్ పనికి విశాఖ పంపుతున్నారు. "ఫుల్ ఇన్సూరెన్స్ ఉందిగా" అని ధీమా. పాలసీ తీసి ప్రయాణంలో నష్టం గురించిన వాక్యం చదవండి. రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, లిఫ్టు, ఎలివేటరు, విమానం ద్వారా తరలించేటప్పుడు అని ఉంటుంది. సముద్రం ఎక్కడుంది? లేదు. చెన్నై నుంచి ఇక్కడికి సుమారు 1,190 కిలోమీటర్లు, విశాఖ నుంచి సుమారు 1,200. ఆ దూరమంతా మీ కారు పాలసీ లేకుండా ప్రయాణిస్తుంది!

దీనికి విడిగా మెరైన్ ట్రాన్సిట్ పాలసీ తీసుకోవాలి. ఒక్క ప్రయాణానికే ఇస్తారు. గేటు నుంచి గేటు దాకా, క్రేన్‌తో ఎత్తడం దించడం కూడా కలిసేలా అడగండి. పాత బండి కాబట్టి గీతలు, సొట్టలు మినహాయిస్తామంటారు. అందుకని ఎక్కించే ముందు రేవులో ఫోటోలు తీసి, ఉన్న గీతలన్నీ రాయించి, రవాణాదారుతో సంతకం పెట్టించుకోండి. ట్యాంకులో పెట్రోలు కొద్దిగానే ఉంచండి, బ్యాటరీ వైరు తీసేయండి. దిగగానే, రసీదు మీద సంతకం పెట్టక ముందే చూడండి. దెబ్బ ఉంటే రసీదు మీదే రాయండి. బండి ఇంటికి తెచ్చుకుని మర్నాడు ఫోన్ చేస్తే దెబ్బ దారిలో తగిలిందా ఇంటి దగ్గరా అన్న వాదన మొదలవుతుంది.

దీవుల మధ్య ఫెర్రీల సంగతేమిటి? ట్రంక్ రోడ్డు మీద బారాటాంగ్ వెళ్లాలంటే మిడిల్ స్ట్రెయిట్ దగ్గర కారు ఫెర్రీ ఎక్కాలి. బాంబూ ఫ్లాట్‌కు చాతం నుంచి ఎక్కుతుంది. అది పాలసీ భాషలో లోతట్టు జలమార్గమా, సముద్రమా? ఈ ఒక్క ప్రశ్ననూ కంపెనీకి ఈమెయిల్‌లో పంపి, జవాబు తెప్పించుకుని దాచుకోండి. ఏజెంటు నోటిమాట చాలదు.

9. మిగిల్చొద్దని చెప్పే చిన్న మొత్తాలు

థర్డ్ పార్టీ ఆస్తి నష్టానికి 7,50,000 దాకా ఉండే పరిమితిని 6,000కు తగ్గించుకుంటే వంద రూపాయలు తగ్గిస్తారు. వద్దు. మీ జీపు ఒక కొత్త కారు తలుపుకు తగిలితే ఆ 6,000 దేనికీ రాదు.

వాలంటరీ డిడక్టిబుల్ అంటే క్లెయిమ్‌లో మొదటి కొంత మీరే పెట్టుకుంటానని ఒప్పుకోవడం. పాత టారిఫ్‌లో 2,500కు 20 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 750 రూపాయలు. రోజువారీ కారుకు, జాగ్రత్తగా నడిపేవాళ్లకు బాగుంటుంది. పాత కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియమే చిన్నది, దాంట్లో 20 శాతం ఎంతని?

చిన్న గీతకు క్లెయిమ్ వేయొద్దు. నో క్లెయిమ్ బోనస్ మొదటి ఏడు 20 శాతంతో మొదలై అయిదేళ్లకు 50 శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిమ్‌తో మళ్లీ సున్నా. బోనస్ మీది, కారుది కాదు. రోజువారీ కారు అమ్మి కొత్తది కొంటే ఆ బోనస్‌ను కొత్త కారుకు తెచ్చుకోవచ్చు. అమ్మిన వెంటనే కంపెనీ దగ్గర లెటరు తీసుకుంటే మూడేళ్లు చెల్లుతుంది. కొన్న వ్యక్తికి దాన్ని ఉచితంగా వదిలేయకండి. పాలసీ గడువు దాటాక 90 రోజుల్లో రెన్యువల్ చేయకపోతే మాత్రం సంపాదించినదంతా పోతుంది. తిరగని బండి విషయంలో ఎక్కువగా జరిగేది ఇదే. ఫోన్‌లో గడువుకు నెల ముందు గుర్తు చేసేలా పెట్టుకోండి.

'బంపర్ టు బంపర్' అని పిలిచే తరుగులేని కవర్ సాధారణంగా అయిదేళ్ల లోపు కార్లకే ఇస్తారు. మీ కొత్త కారుకు తీసుకోండి. సామాను ఓడలో రావలసిన చోట ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద 50 శాతం తరుగు చేతి నుంచి పెట్టుకోవడం కష్టం. నగదు లేకుండా రిపేరు చేసే గ్యారేజీలు మీ ఊళ్లో ఏవేవి ఉన్నాయో పేర్లు చెప్పమనండి. దగ్గరి గ్యారేజీ చెన్నైలో ఉందంటే ఆ క్యాష్‌లెస్ మీకు కాదు.

కంపెనీ క్లెయిమ్ తిరస్కరించిందా? ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, ఏడాది లోపల ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. అండమాన్ నికోబార్ దీవులు కోల్‌కతా అంబుడ్స్‌మన్ పరిధిలోకి వస్తాయి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఫిర్యాదు ఆన్‌లైన్‌లో ఇవ్వచ్చు. ఆ రోజు మీ చేతిలో ఉండాల్సినవి వాల్యుయేషన్ రిపోర్టు, ఫోటోలు, కంపెనీతో నడిపిన ఈమెయిళ్లు. అవి ఈ వారంలోనే ఒక ఫైల్లో పెట్టండి.